లెక్చరర్ ఉద్యోగం వదిలి నాన్న మగ్గం దగ్గరికి: నా అనుభవం

పద్నాలుగేళ్ళు హనుమకొండలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. 2024 మే 31తో ఆ ఉద్యోగం ముగిసింది. ఇప్పుడు వరంగల్ కొత్తవాడలో మా నాన్న మగ్గం మీద దరీలు, అంటే నేల మీద పరుచుకునే నూలు జంపఖానాలు నేస్తున్నాను, వాటికి నమూనాలు గీస్తున్నాను, నేనే అమ్ముతున్నాను. నాతో పనిచేసినవాళ్ళు తరచూ ఫోన్ చేసి పీఎఫ్ వచ్చిందా, ఇంట్లో ఎలా ఒప్పుకున్నారు, చేతికి ఎంత వస్తోంది అని అడుగుతున్నారు. వాళ్ళలో కొందరు తామూ బయటపడాలనే ఆలోచనలో ఉన్నారు. ఫోన్‌లో అందరికీ సగం సగం చెబుతున్నాను కాబట్టి, జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది కొత్తవాడలోనే. పద్మశాలి ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం (నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసేది), వెనక గదిలో మేమందరం. నాన్న నేసేవాడు, అమ్మ రాట్నం దగ్గర కండెలు చుట్టేది. అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె చప్పుడు మధ్యనే పదో తరగతి చదివాను. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి 2010 జూన్‌లో కాలేజీలో చేరాను. నాకు రెండో సంవత్సరం లెక్కల్లో 2ఎ అనే పేపరు ఇచ్చారు కాబట్టి పిల్లలకూ తోటివాళ్ళకూ నేను ‘2ఎ మేడం’. జీతాల రిజిస్టరులో తప్ప నా పేరు ఎవరికీ అవసరం పడలేదు. అదే కొత్తవాడ సందులో నడుస్తుంటే అరుగు మీది ముసలమ్మ ‘‘ఎవరి బిడ్డవు?’’ అంటుంది. నాన్న పేరు చెబితే తాత పేరు తనే చెబుతుంది, ఆయన ఏ రంగు దరీకి పేరుపడ్డాడో కూడా చెబుతుంది. ఈ రెండు చోట్ల మధ్య దూరం స్కూటీ మీద పావుగంట. అయినా ఒకచోటి మనిషి రెండోచోట ఉండేది కాదు.

చదువు చెప్పడం అంటే నాకు ప్రాణం, ఇప్పటికీ. విసిగించింది చదువు చెప్పడం కాదు. పొద్దున స్టడీ అవర్లు, రాత్రి స్టడీ అవర్లు, ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం పదో తరగతి పిల్లల ఇళ్ళ చుట్టూ తిరగడం, ఇంతమందిని చేర్పించకపోతే మే నెల జీతం ఆపడం. ప్రైవేటు కాలేజీల్లో పనిచేసినవాళ్ళకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు మేడారం జాతర. మా బాబు పుట్టినప్పుడు అమ్మ మొక్కుకున్న నిలువెత్తు బంగారం (బాబు బరువుకు సరితూగే బెల్లం) ఆ ఏడు తీర్చాలి. ఇంటర్ పరీక్షలు 28న మొదలవుతున్నాయని సెలవు ఇవ్వలేదు. అమ్మా నాన్నా బాబును తీసుకుని హనుమకొండలో జాతర బస్సెక్కారు. నా కొడుకును తూకంలో కూర్చోబెట్టి బెల్లం తూచిన ఫొటో నేను స్టాఫ్ రూమ్‌లో ఫోన్‌లో చూశాను. మా వంశంలో వనదేవతల మొక్కుకు కన్నతల్లి లేకపోవడం అదే మొదలు. ఆ రాత్రి ఇంటికి వచ్చి మా వారితో, ఈ విద్యా సంవత్సరంతో మానేస్తానని చెప్పాను. ఆయనకు మందుల దుకాణం ఉంది. లెక్కలు వేసుకుని, ఏడాదిపాటు నా జీతం లేకుండా నెట్టుకురాగలమని తేల్చాం. బాబు బడి ఫీజు, స్కూటీ కిస్తీ, అత్తమ్మ మందులు పక్కన రాసుకున్నాం. ఆ కాగితం ఇంకా నా దగ్గర ఉంది.

మగ్గం ఆలోచన అప్పటికి లేదు. వేరే కాలేజీయో, ఇంట్లో ట్యూషన్లో అనుకున్నాను. పరీక్షలు మార్చి 19న అయిపోయాయి. ఆ తర్వాతి ఆదివారాలు కొత్తవాడలో గడిపాను. నాన్నకు చూపు తగ్గింది, మగ్గం సగం రోజులు ఖాళీగా ఉంటోంది. మా సందులో నేసేవాళ్ళంతా యాభై దాటినవాళ్ళే. వరంగల్ దరీకి 2018లో భౌగోళిక గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక వస్తువుకు ఇచ్చే జీఐ) వచ్చింది కానీ, ఆ గుర్తింపు వచ్చిన పనిని మా తర్వాత చేసేవాళ్ళు మా సందులో ఒక్కరూ కనిపించలేదు. ఆ మాట నాన్నతో అంటే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను నేర్చుకుంటానని చెప్పినప్పుడు మాత్రం కోపమొచ్చింది. ‘‘నువ్వు ఈ గుంటలో దిగకూడదనే కదా బిడ్డా, నేను నలభై ఏళ్ళు దిగింది’’ అన్నాడు. ఆ మాటకు జవాబు నాకు ఇప్పటికీ లేదు.

ఏప్రిల్ మొదట్లో రాజీనామా ఇచ్చాను. నియామక పత్రం ప్రకారం ముందుగా చెప్పాల్సిన గడువు ఉంది, అడ్మిషన్ల పని కూడా పూర్తిచేసి వెళ్ళమన్నారు. ఏప్రిల్ 24న ఫలితాలు వచ్చాయి. మా సెక్షన్ బాగా చేసింది. పిల్లలు స్వీట్లు తెచ్చారు, నేను వెళ్ళిపోతున్నానని వాళ్ళకు అప్పుడే చెప్పాను. ఒక అమ్మాయి ఏడ్చింది. నన్ను చూసి కాదు, తన తమ్ముడికి వచ్చే ఏడాది ఎవరు చెబుతారని. అది విని నాకూ ఏడుపొచ్చింది.

మే 31న రిలీవ్ అయ్యాను కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికి రాలేదు. చేరేటప్పుడు పదో తరగతి మెమో నుంచి ఎమ్మెస్సీ దాకా అన్నీ ఆఫీసులో పెట్టించుకున్నారు. ఇక్కడ చాలా ప్రైవేటు కాలేజీల్లో ఇదే అలవాటు. బాకీ లేదని ఒక్కొక్కరి సంతకం కావాలన్నారు: లైబ్రరీ, ల్యాబ్, అకౌంట్లు, హాస్టల్. నేను హాస్టల్లో ఎప్పుడూ లేను, అయినా ఆ సంతకం కోసమే ఎక్కువ ఆగాల్సి వచ్చింది, ఆ వార్డెన్ సెలవులో ఉన్నాడు. సర్టిఫికెట్లు జూలై రెండో వారంలో వచ్చాయి. చివరికి ఇచ్చేలా చేసింది నేను చేరిననాడు కాలేజీవాళ్ళు నాకు ఇచ్చిన రసీదు. అందులో ఏయే పత్రాలు తీసుకున్నారో రాసి, ముద్ర వేసి ఉంది. చేరేటప్పుడే అటువంటి కాగితం అడిగి తీసుకోండి.

పీఎఫ్ కథ వేరు. కాలేజీలో చేరినప్పుడు నాకు పెళ్ళి కాలేదు, కాబట్టి పీఎఫ్‌లో పుట్టింటి పేరు. 2012లో పెళ్ళయ్యాక ఆధార్‌లోనూ పాన్‌లోనూ అత్తింటి పేరు చేరింది. రెండూ కలవకపోతే డబ్బు తీసుకోవడానికి వీలు పడదు. అప్పట్లో పేరు సరిచేయమని యజమానితో కలిసి ఉమ్మడి డిక్లరేషన్ ఇవ్వాల్సి వచ్చింది, పెళ్ళి ధ్రువపత్రం జతచేయాల్సి వచ్చింది. మాకు ఆ పత్రం ఉండటం కలిసొచ్చింది, అత్తమ్మ పట్టుబట్టి అప్పట్లోనే రిజిస్టర్ చేయించింది. జూన్‌లో ఆన్‌లైన్‌లో పెట్టాను. కాలేజీ వైపు నుంచి ఆమోదం ఆగస్టులో, పీఎఫ్ ఆఫీసు నుంచి సెప్టెంబరు చివర్లో వచ్చింది. కాలేజీ నేను మానేసిన తేదీని నమోదు చేయలేదు. ఇందుకోసం మళ్ళీ వాళ్ళను బతిమాలనక్కర్లేదని అప్పుడు తెలిసింది. చివరి చందా జమై రెండు నెలలు దాటితే, ఆధార్‌తో కలిపిన ఫోన్‌కు వచ్చే ఓటీపీతో ఆ తేదీని మనమే నమోదు చేసుకోవచ్చు. అది చేశాక క్లెయిమ్ పెడితే దీపావళికి ముందు డబ్బు ఖాతాలో పడింది, మూడున్నర లక్షల పైచిలుకు. ఐదేళ్ళు దాటిన సర్వీసు కాబట్టి పన్ను కోత లేదు. పదేళ్ళు దాటింది కాబట్టి పింఛను వాటా మాత్రం చేతికి ఇవ్వరు, దానికి ఆ సర్వీసును నమోదు చేసిన స్కీమ్ సర్టిఫికెట్ అనే పత్రం ఇస్తారు. యాభై ఎనిమిదో ఏట పింఛను వస్తుంది. మొత్తం వస్తుందని ఇంట్లో లెక్క వేసుకున్నవాళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఆ నాలుగు నెలలు ఆ రెండు పేర్ల గురించే ఆలోచించాను. ఒక పేరుతో పద్నాలుగేళ్ళు కష్టపడ్డాను, ఆ కష్టం నాదేనని రుజువు చేయడానికి ఇంకో పేరు అడుగుతున్నారు. రెండిట్లోనూ నేనే ఉన్నాను, ఏదీ వదులుకోవాలని లేదు.

మగ్గం దగ్గరికి వస్తాను. జూన్ మొదటి వారంలో మొదలుపెట్టాను. నాన్న నేర్పనన్నాడు, పక్కింటి పెద్దమ్మ నేర్పింది. ముందు నేయనివ్వలేదు, పడుగు (మగ్గం మీద నిలువుగా సాగే పోగులు) అతకడం నేర్చుకోమంది. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలపాలి. బూడిద అద్దిన బొటనవేలు, చూపుడువేలి మధ్య రెండు కొసలను పెట్టి ఒక్క మెలి. చూస్తే ఏమీ లేదనిపిస్తుంది. నేను మెలిపెట్టినవి గుంజగానే ఊడిపోయేవి. పెద్దమ్మ నా వేళ్ళు చూసి, ‘‘సుద్దముక్క పట్టినట్టు పట్టకు, చీమను పట్టినట్టు పట్టు’’ అంది. వారం గడిచాక నా మెలులు నిలిచాయి. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం ఏ ఫలితాల రోజునా కలగలేదు.

గుంటలో కూర్చోవడం నలభై దాటిన ఒంటికి తేలిక కాదు. నడుము, మోకాళ్ళు, తొక్కుడు చెక్కల మీద అరికాళ్ళు. పేకను, అంటే అడ్డంగా వేసే పోగును, బిగించి లాగడంతో మొదటి దరీ అంచులు రెండువైపులా లోపలికి గుంజుకుపోయాయి. అప్పటిదాకా నా వైపు చూడకుండా వాకిట్లో కూర్చునే నాన్న లేచి వచ్చాడు. ‘‘పేకను అంత బిగించకు. వాలుగా, వదులుగా పరుచు, ఆ తర్వాత దెబ్బ వెయ్యి’’ అని నా చేతి మీద చెయ్యి వేసి చూపించాడు. జూలై నడిమి నుంచి ఆయనే నా గురువు. ఎందుకు మనసు మార్చుకున్నాడో చెప్పలేదు, నేనూ అడగలేదు.

లెక్కలు నాకు ఇక్కడ అక్కరకొచ్చాయి. మా దగ్గర రంగులు కలిసేచోట ఒక రంగు పేక రెండో రంగు పేకను మెలేసుకుని వెనక్కి తిరుగుతుంది. నమూనా అంతా పెద్దవాళ్ళ చేతుల్లో, జ్ఞాపకంలో ఉంటుంది. నేను గ్రాఫ్ కాగితం మీద గడికి ఇన్ని పడుగు పోగులని లెక్క పెట్టుకుని గీయడం మొదలుపెట్టాను. నాన్నకు జ్ఞాపకం ఉన్న పాత నమూనాలన్నీ అలా కాగితం మీదికి ఎక్కించాను. తాత నేసిన ఒక మెట్ల నమూనా ఎవరి దగ్గరా లేదు. అమ్మ ట్రంకుపెట్టె అడుగున పరిచిన చినిగిన ముక్క నుంచి దాన్ని తీశాను. సగం పోయింది, కానీ మెట్లు రెండు పక్కలా సమానంగా దిగుతాయి కాబట్టి లేని సగాన్ని ఉన్న సగం నుంచి గీయగలిగాను. ఆ కాగితాన్ని నాన్న రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

అప్పటికి అత్తింట్లో మాటలు గట్టిగానే నడుస్తున్నాయి. మా మామయ్య మహారాష్ట్రలోని భివండీలో మరమగ్గాల మీద బతుకంతా అరగదీసుకుని వచ్చిన మనిషి. మగ్గం అంటే ఆయనకు దుమ్ము, దగ్గు, అప్పు. లెక్చరర్ కోడలని బంధువుల్లో గర్వంగా చెప్పుకునే అత్తమ్మకు ఇది పరువు సమస్య. నేను వాదించలేదు. మామయ్యను ఒకరోజు కొత్తవాడకు తీసుకెళ్ళాను. ఆయన నేరుగా మగ్గం దగ్గరికి వెళ్ళి తెగిన పోగు కనిపిస్తే ముడేశాడు. ఆ తర్వాత ఆయన వైపు నుంచి అభ్యంతరం లేదు. అత్తమ్మకు ఇంకా పూర్తిగా ఇష్టం లేదు, ఆ సంగతీ రాయాలి.

ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట వానలు దంచికొట్టాయి. గుంటలో నీరు ఊరింది, పడుగు చెమ్మగిల్లి పోగులు ఒకదానికొకటి అంటుకున్నాయి. సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, రైళ్ళు ఆగిపోయాయి. విజయవాడకు పంపాల్సిన దరీలు ఇంట్లోనే ఉండిపోయాయి. వర్షాకాలంలో మగ్గానికి సగం నెలే ఉంటుందని నాన్న ముందే చెప్పాడు. నెల జీతానికి అలవాటుపడినవాళ్ళు ఈ సగం నెలను ముందే లెక్కలో వేసుకోవాలి. మొదటి మూడు నెలల్లో నూలు ఖర్చు పోగా నాకు మిగిలింది నెలకు నాలుగైదు వేలు. కాలేజీలో 34 వేలు వచ్చేవి.

అక్టోబరు 2న ఎంగిలిపూల బతుకమ్మ. వేయి స్తంభాల గుడి దగ్గర ఎప్పుడూ ఉండే జనమే. పాత విద్యార్థినులు నలుగురైదుగురు చుట్టుముట్టి ‘‘మేడం, ఇప్పుడు ఏ కాలేజీ?’’ అన్నారు. దరీలు నేస్తున్నానని చెప్పాను. బయటివాళ్ళకు ఆ మాట చెప్పడం అదే మొదటిసారి, గొంతు కొంచెం వణికింది. వాళ్ళలో ఒకమ్మాయి, ఏడాదంతా నా ముందు బెంచీలో కూర్చున్న పిల్ల, ‘‘మా నానమ్మ కూడా కొత్తవాడలో కండెలు చుట్టేది మేడం’’ అంది. నా తరగతిలో ఏడాదంతా ఉండి ఆ పిల్ల ఆ మాట అనలేదు, నేను కూడా మా నాన్న ఏం చేస్తాడో ఆ గదిలో అనలేదు. చెప్పడానికి మాకు సిలబస్ తప్ప మరో సందర్భం రాలేదు. ఇద్దరం బతుకమ్మ చుట్టూ పక్కపక్కన ఆడాం. ఆ వారంలోనే ఆ అమ్మాయి వాళ్ళ నానమ్మను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ అమ్మాయి హైదరాబాదులో ఇళ్ళ లోపలి అలంకరణ చేసే ఒక సంస్థలో పనిచేస్తోందట. నాకు మొదటి పెద్ద ఆర్డరు ఆమె ద్వారానే వచ్చింది. ఇప్పటికీ నా కొనుగోలుదారుల్లో సగానికి పైగా పాత విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులే.

ఆర్డరు వచ్చాక బిల్లు ఇవ్వాలి కాబట్టి నవంబరులో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) చేయించాను. ఆధార్, పాన్ ఉంటే చాలు, ప్రభుత్వ పోర్టల్‌లో పైసా ఖర్చు లేదు. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు వెబ్‌సైట్లు వేలల్లో ఫీజు అడుగుతాయి, జాగ్రత్త. యజమాని పేరు ఆధార్‌లో ఉన్నట్టే రావాలి, అక్కడ అత్తింటి పేరు పడింది. సంస్థ పేరు మాత్రం మన ఇష్టం. అక్కడ మా పుట్టింటి పేరు పెట్టాను. బ్యాంకులో కరెంట్ ఖాతా తెరిచేటప్పుడు ఇదెవరి పేరని అడిగారు. మా నాన్నదని చెప్పాను. ఆ పత్రం ప్రింటు తీసి ఇంటికి తెస్తే నాన్న కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. నాకు అన్నదమ్ములు లేరు.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ళ తరబడి పనిచేసి మానేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన మొత్తం గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే నా తోటివాళ్ళలో చాలామంది దీన్ని అడగకుండానే వదిలేశారు. ఐదేళ్ళు నిండినవాళ్ళకు హక్కు ఉంది. టీచర్లకు వర్తించదని కాలేజీలో చెప్పారు. అది పాత మాట. 2009లో చట్టాన్ని సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచి టీచర్లకూ వర్తింపజేశారు, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. నేను మానేసిన నాటి చట్టం ప్రకారం చివరి మూలవేతనాన్ని (కరువు భత్యం ఉంటే దాన్నీ కలిపి) 15తో హెచ్చించి 26తో భాగించి, పనిచేసిన ఏళ్ళతో హెచ్చించేవారు. నా జీతం 34 వేలైనా కాగితం మీద మూలవేతనం 15 వేలే. దాని ప్రకారం వచ్చేది 1,21,153 రూపాయలు. జూన్‌లోనే ఫారం-ఐ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. జవాబు లేదు. అక్టోబరులో కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టాను. వకీలు అవసరం రాలేదు. నియామక పత్రం, జీతం చీటీలు, పీఎఫ్ పాస్‌బుక్ సరిపోయాయి. రెండో వాయిదాకు కాలేజీ తరఫున మనిషి వచ్చి రాజీకి ఒప్పుకున్నాడు, 2025 ఫిబ్రవరిలో చెక్కు వచ్చింది. నన్ను చూసి ఇద్దరు పాత సహోద్యోగులు దరఖాస్తు పెట్టారు. అదే కాలేజీలో ఇంకా పనిచేస్తున్నవాళ్ళు కొందరు అప్పటి నుంచి నాతో మాట్లాడటం మానేశారు. అది బాధగానే ఉంది, వాళ్ళ భయం నాకు తెలుసు.

చేనేత కార్మికురాలిగా నా పేరు చేర్చడానికి చేనేత శాఖ వాళ్ళు ఇంటికి వచ్చి, నేను నేస్తుండగా చూసి, ఫొటో తీసుకుని వెళ్ళారు. మగ్గానికి ఇదివరకే జియోట్యాగ్ సంఖ్య (మగ్గం ఎక్కడుందో నమోదు చేసి ప్రభుత్వం ఇచ్చే సంఖ్య) ఉంది, అది నాన్న పేరు మీద ఉంది. వాళ్ళు నా వృత్తి ఏమిటని అడిగినప్పుడు పెద్దమ్మ పక్క నుంచి ‘‘టీచరమ్మ’’ అంది, నాన్న ‘‘నేతపని’’ అన్నాడు. ఫారంలో రెండోది రాశారు. కానీ పెద్దమ్మ అన్నదీ నిజమే. సాయంత్రం మగ్గం ఆపాక మా సందు పిల్లలు వాకిట్లో కూర్చుంటారు, లెక్కలు చెబుతాను. దానికి డబ్బు తీసుకోను. భిన్నాలు చెప్పాల్సి వస్తే వాళ్ళను మగ్గం దగ్గరికే తీసుకెళ్ళి చెబుతాను.

గ్రాట్యుటీ డబ్బుతో నూలు ఒకేసారి ఎక్కువ కొన్నాను, రెండో మగ్గం బాగుచేయించాను. దాని మీద మా చిన్నాన్న కోడలు నేస్తోంది, బీకాం చదివిన పిల్ల. ఇప్పుడు నాకు నెలకు పదిహేను, పదహారు వేలు మిగులుతున్నాయి. పాత జీతంలో దాదాపు సగం. పండుగ నెలల్లో ఇంకొంచెం ఎక్కువ. మా వారి దుకాణం లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు, కుటుంబంలో మరో ఆదాయం లేనివాళ్ళు నా దారి పట్టే ముందు బాగా ఆలోచించాలి.

వరంగల్ దరీల భౌగోళిక గుర్తింపు ముద్రను నా దరీల మీద వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. దరఖాస్తు చెన్నైలోని రిజిస్ట్రీకి వెళ్తుంది, ఫీజు పది రూపాయలే. దానికి కావాల్సిన వివరాలు నేను పూర్తిచేశాను, నాన్న పేరుతో ఒకటి, నా పేరుతో ఒకటి. ఇంకా జవాబు రాలేదు. ఈలోగా కరీంనగర్ నుంచి ఒక పెళ్ళింటివాళ్ళు తాత మెట్ల నమూనాలో ఆరడుగుల దరీలు అడిగారు, శ్రావణంలోపు ఇవ్వాలి. రేపు పొద్దున కొత్త పడుగు అతకాలి.